పెట్టెలకి పెళ్ళిచూపులు

పోయిన వారం రాజమండ్రి స్నేహితురాలు ఫోన్లో ఏదో మాట్లాడుతూ మధ్యలో, "అన్నట్టు మీ ఇంటి ఓనరు, ఆ ముసలాయన పోయారటే" అంది. నాకు ముందు నవ్వొచ్చింది. మనిషి పోయాడంటే నవ్వేంత పాపిష్టిదాన్ని కాను. ఏం చెయ్యను, ఆయన మాట రాగానే కళ్ళముందు కనబడింది అదీ మరి: లుంగీ పైకి మడిచి, ఒక ఆంప్లిఫయరుని రెండు చేతులా గాల్లోకెత్తి, అటూ ఇటూ ఊపి, "తేలికండీ. మన పిల్లల్ని మోయలేడు" అని పెదవి విరవడం. నవ్వయ్యాక ఏడుపు కూడా వచ్చింది. అవతల అది ఏమనుకుందో ఏమో.

ఆయనకీ నాకూ చుట్టరికం ఏమీ లేదు. తొంభైల చివర్లో వాళ్ళ మేడమీద గదిలో అద్దెకుండేదాన్ని. ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచర్ని, పెళ్ళి కాలేదు. ఇంటాయన్ని బాబాయిగారూ అనీ, ఆవిణ్ణి పిన్నిగారూ అనీ పిలిచేదాన్ని. ఆయన ధవళేశ్వరంలో కాలవల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. పిల్లల్లేరు. ఇల్లు పెద్దది, మనుషులు ఇద్దరు.

కాకినాడలో గ్యాసు తవ్వకాలకి వచ్చిన విదేశీ ఇంజనీరు ఒకాయన దేశం వెళ్ళిపోతూ ఇంట్లో సామానంతా అమ్మేస్తున్నాడని విని, ఫ్రిజ్ కొందామని బయల్దేరారు బాబాయిగారు. ఫ్రిజ్ కొనలేదు. రెండు స్పీకరు పెట్టెలు కొన్నారు. ఒక్కోటీ నా భుజమెత్తు. కాకినాడలో మొక్కలు దింపేసి ఖాళీగా తిరిగొస్తున్న కడియం నర్సరీ లారీలో వాటిని ఎక్కించి, రెండిటి మధ్యా తాను నిలబడి ఊరేగింపుగా వచ్చారు. పెట్టెల నిండా కాగితంపూలు అంటుకుని ఉన్నాయి. పిన్నిగారు గుమ్మంలో నిలబడి చూసి, "ఫ్రిజ్జు రెండు ముక్కలుగా వచ్చిందేంటండీ?" అన్నారు.

"ఇవి ఫ్రిజ్జు కాదోయ్, ఆడపిల్లలు. కవలలు. దిష్టి తియ్యి" అన్నారాయన. ఆవిడ నిజంగానే ఉప్పూ మిరపకాయలూ తెచ్చి తిప్పిపడేశారు. ఆ ఇంట్లో పిచ్చి ఆయనొక్కరిదే అనుకుంటే పొరపాటు.

చిక్కేమిటంటే, ఆ దొర పెట్టెలు అమ్మాడు గానీ వాటిని పలికించే ఆంప్లిఫయరుని తనతో పట్టుకెళ్ళిపోయాడు. సరే, అదెంత, ఊళ్ళో దొరక్కపోతుందా అనుకున్నారు. కోటగుమ్మం దగ్గర పెళ్ళిళ్ళకి మైకుసెట్లు అద్దెకిచ్చే ఆయన తన ఆంప్లిఫయరు తెచ్చి తగిలించాడు. పెట్టెలు గొణిగాయి. సౌండు పెంచాడు. మళ్ళీ గొణిగాయి. ఇంకా పెంచాడు. ఆంప్లిఫయరు వెనక నుంచి సన్నగా పొగ లేచింది. ఆయన పరుగున స్విచ్చి ఆపి, చెమట తుడుచుకుని, "గొడ్డు పెట్టెలండీ బాబూ ఇవి. ఎవరికైనా ఇచ్చేసి వేరేవి తెచ్చుకోండి" అన్నాడు.

బాబాయిగారి మెడ నరాలు ఉబ్బాయి. "ఆ మాట అనకండి. లోపం పిల్లల్లో లేదండి. మోసేవాడికే చేవ లేదు." అది మైకుసెట్లాయనతో చెబుతూ వంటింటి వైపు చూశారు. అప్పట్లో నేను దాన్ని పట్టించుకోలేదు.

ఆ రోజు నుంచి ఆయన సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. ఎగతాళిగా అంటున్నానని అనుకోకండి, ఆయన భాషే అది. ఆంప్లిఫయరుని 'అబ్బాయి' అనే అనేవారు. పెట్టెల్ని షాపుకి తీసుకురండి, అక్కడ తగిలించి చూద్దాం అంటే ససేమిరా ఒప్పుకునేవారు కాదు. "ఆడపిల్లల్ని బజార్లంట తిప్పుతామాండీ? అబ్బాయే మనింటికి రావాలి. అదీ పద్ధతి." షాపువాళ్ళు తిట్టుకుంటూనే రిక్షాలో పెట్టుకుని వచ్చేవారు, ఎందుకంటే పిన్నిగారు కేసరీ, వేడివేడి బజ్జీలూ చేసిపెట్టేవారు. రాజమండ్రిలో ఒక్క పెళ్ళిచూపుకీ అన్ని బజ్జీలు వేగి ఉండవు.

వచ్చిన అబ్బాయిని ముందు ఎత్తి చూడాలి. లోపలి ట్రాన్స్‌ఫార్మరు బరువుంటేనే సరుకున్నట్టు లెక్క. తర్వాత ముక్కు దగ్గరపెట్టి వాసన చూడాలి, ఇదివరకెక్కడైనా కాలి వచ్చాడేమోనని. ఆ తర్వాత పాట పెట్టి, నెత్తిన అరచెయ్యి వేసి, కళ్ళు మూసుకుని నిలబడేవారు. జ్వరం చూసినట్టే. చెయ్యి చురుక్కుమంటే సంబంధం తప్పిపోయినట్టే. "మంచిదండీ. ఇంట్లో మాట్లాడుకుని కబురు చేస్తాం" అని సాగనంపేవారు. ఆ కబురు ఎవరికీ వెళ్ళలేదు.

మద్రాసు నుంచి ఒకటి వచ్చింది, ఒళ్ళంతా ఎర్రలైట్లూ పచ్చలైట్లూ. "సోకు తప్ప ఏమీ లేదండి వీడి దగ్గర" అన్నారు. మూతపడిన ఒక సినిమాహాలు నుంచి ఇంకొకటి వచ్చింది, ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు. బాబాయిగారు ఎత్తబోయి నడుం పట్టేసి, ఆ వంగిన మనిషి వంగినట్టే, "ఇదండీ మగాడంటే!" అని మెచ్చుకున్నారు. తగిలించి స్విచ్చి వేసేసరికి వీధి వీధంతా కరెంటు పోయింది. సాయంత్రం దాకా లైన్‌మాన్ కోసం అందరం అరుగుల మీద కూర్చున్నాం, ఒక్కొక్కరూ మా గుమ్మం వైపు చూసే చూపులు చూడాలి.

"మీరు సైన్సు టీచరు కదా, మీకు తెలీదేంటమ్మా" అంటూ నాకు పాఠం చెప్పేవారు. "ఈ పెట్టెలకి ఓములు తక్కువండి. ఓములు తక్కువంటే తూము పెద్దదని. తూము పెద్దదైతే నీళ్ళు దబదబా లాగేస్తుంది. వెనకాల చెరువులో నీళ్ళుండాలా వద్దా? చెరువెండిపోతే తూముని తిడతారేంటండీ ఈ జనం?" కాలవల ఆఫీసు మనిషికి కరెంటైనా కాలవలోంచే పారాలి మరి. ఈ ఓముల గోల పురోహితుడి చెవిలో కూడా పడింది. "ఇంట్లో ఓం తక్కువైందన్నారట" అంటూ ఆయన సమిధలతో సహా దిగిపోయి, వద్దంటున్నా వినకుండా గణపతి హోమం చేసి, పెట్టెలకి చెరో బొట్టూ పెట్టి వెళ్ళాడు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది కదా. ఆ వీధిలో ఇంకో మాట కూడా ఉండేది, అది నవ్వే మాట కాదు. పిన్నిగారిని ఎవరూ సీమంతానికి పిలిచేవారు కాదు. చంటిబిడ్డని ఎత్తుకోబోతే తల్లులు ఏదో పనున్నట్టు పిల్లాణ్ణి తీసుకుని లోపలికెళ్ళిపోయేవారు. ఆయన తల్లి బతికున్నన్నాళ్ళూ కోడల్ని మార్చెయ్యమని కొడుక్కి రెండో సంబంధం చూస్తూనే ఉందట, ఈయన ససేమిరా అన్నారట. ఎదురింటి మామ్మగారు నాకీ సంగతి చెప్పి, "దేవుడులాంటి మొగుడమ్మా, ఇంకొకడైతే వదిలేసును" అని ముక్తాయించింది. ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది గానీ, మామ్మగారితో ఏం వాదిస్తాం.

పెట్టెల వ్యవహారం రెండో ఏడులో పడేసరికి పిన్నిగారి ఓపిక అయిపోయింది. ఒకరోజు అందరి ముందూ ఆయనకి చెప్పేశారు. "ఇంకొక్కటి చూడండి. అదీ కాలిందా, ఈ ఇంట్లో పెట్టెలన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. వీధిలో అందరూ వీటిని గొడ్డు పెట్టెలూ గొడ్డు పెట్టెలూ అంటుంటే ఆ మాట ఎవరికి తగుల్తోందో మీకు తెలుస్తోందా?"

బాబాయిగారు పెట్టెల మీద దుప్పట్లు సర్దుకుంటూ ఉండిపోయారు. నాకు మాత్రం తెలిసిపోయింది, ఈసారి తప్పితే పిన్నిగారు అన్నంత పనీ చేస్తారని.

ఇక్కడే ఆవిడ వెటకారం కొంప ముంచింది. మా గోదావరి వాళ్ళకి మాట తిన్నగా రాదు కదా. పూలమ్మి వచ్చి, "ఏంటమ్మా దిగులుగా ఉన్నారు" అంటే, "ఏం చెప్పమంటావే, మా ఇద్దరమ్మాయిలకీ సంబంధం కుదిరి చావట్లేదు. మాటా పలుకూ లేని పిల్లలు, పైగా మొండి. ఫారిన్‌లో పుట్టి పెరిగారు మరి" అన్నారు పిన్నిగారు. పూలమ్మి ఇంకెక్కడో చెప్పింది. అది విన్నవాళ్ళు మరెక్కడో చెప్పారు. వెటకారమంతా దారిలోనే ఆవిరైపోయి, వట్టి మాట మటుకు తణుకు వైపు తిరిగే ఒక పెళ్ళిళ్ళ బ్రోకరు చెవిన పడింది. అతను కూరల బజార్లో బాబాయిగారిని పట్టుకుని, "మీ అమ్మాయిల సంగతి విన్నానండి. తణుకులో మంచి అబ్బాయున్నాడు. ఆదివారం పెద్దవాళ్ళని పంపమంటారా?" అని అడిగాడు.

తన వెతుకులాట తణుకు దాకా పాకిందని బాబాయిగారు ఉబ్బిపోయారు. "ఆయ్, తప్పకుండా పంపండి" అన్నారు. ఆ ఆదివారమే కాకినాడ నుంచి ఒక షాపాయన కూడా ఆంప్లిఫయరు తెస్తానన్నాడు. ఒకేరోజు రెండు సంబంధాలు! ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూద్దామన్నారు.

ఆదివారం పొద్దున్న కారు వచ్చి ఆగింది. పట్టుచీరలో ఒకావిడా, ఆవిడ భర్తా, ఆవిడ తమ్ముడూ దిగారు. సకుటుంబంగా వచ్చారు, పద్ధతైన మనుషులని బాబాయిగారు మురిసిపోయి కుర్చీలు వేశారు.

"అబ్బాయి ఏడండీ?"

"స్నేహితుడింటి దగ్గర దిగాడండి. ముందు పెద్దవాళ్ళం మాట్లాడుకుంటే తర్వాత వస్తాడు" అన్నాడు పెద్దాయన.

"మంచిది. బరువెంతుంటాడండి?"

పెద్దాయన భార్య వైపు చూసి, "డెబ్భై కిలోలకి తక్కువుండడండి" అన్నాడు.

"డెబ్భయ్యే!" బాబాయిగారు కుర్చీ అంచుకి జరిగారు. "అలాంటివాడే కావాలండి మా పిల్లలకి. మరి వేడెక్కడం అదీ?"

"కొంచెం కోపం ఉందండి, దాచుకోవడమెందుకు. అరగంటలో చల్లారిపోతాడు."

"అరగంటేగా, పర్లేదు. పొగ రాకపోతే చాలు."

"ఛఛ, పొగ అలవాటు లేదండి మావాడికి" అంది పట్టుచీరావిడ గర్వంగా.

అప్పుడే నేను కేసరి పళ్ళెం పట్టుకుని హాల్లోకి వెళ్ళాను. ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఈ అమ్మాయేనా అండీ పెద్దది?" అంది.

"అబ్బే, ఈవిడ మేడమీద అద్దెకుంటారండి. మావాళ్ళు లోపలున్నారు. దుమ్ము పడుతుందని గుడ్డ కప్పి ఉంచాం" అన్నారు బాబాయిగారు. వాళ్ళు ముగ్గురూ తింటున్న కేసరి చేతుల్లోనే ఆగిపోయింది. ఆయన ఆగలేదు. "ఇంకొక్క మాట ముందే చెప్పేస్తున్నానండి, తర్వాత గొడవొద్దు. మా పిల్లలిద్దరికీ ఒక్కడే. విడివిడిగా ఇచ్చే ఉద్దేశం లేదు."

"ఇద్దరికీ ఒక్కడా?" తమ్ముడు లేచి నిలబడ్డాడు. "చట్టం ఒప్పుకుంటుందాండీ?"

"చట్టమేంటండీ మధ్యలో! ఎడంవైపు ఒకమ్మాయి, కుడివైపు ఒకమ్మాయి. అలా అయితేనే అందం."

వంటింట్లోంచి పిన్నిగారి నవ్వు వినబడింది. ఆపుకోలేక, నోట్లో కొంగు కుక్కుకుని, సర్దిచెబుదామని ఆవిడ బయటికొచ్చేలోపు బాబాయిగారు తలుపు తీసి, దుప్పట్లు లాగేసి, పెట్టెల్ని చూపించారు. "రండి, చూసుకోండి."

వాళ్ళు పెట్టెల వెనక్కి తొంగిచూశారు, అమ్మాయిలెక్కడున్నారోనని. అర్థమయ్యాక పట్టుచీరావిడ మొహం కందగడ్డ అయిపోయింది. పిన్నిగారు, "అమ్మా, పొరపాటు జరిగింది, మాకు పిల్లలే లేరు, వెటకారానికన్న మాట ఎక్కడెక్కడో తిరిగి..." అని చేతులు పట్టుకోబోయారు. ఆవిడ చెయ్యి విదిల్చుకుని, కేసరి పళ్ళెం ఠక్కున కిందపెట్టి, "ఛీ, శుభమా అంటూ బయల్దేరి గొడ్రాలి చేతి తిండి తిన్నాం. పిల్లల్లేని కొంపలో ఇలాంటి పిచ్చే పడుతుంది" అంది.

పిన్నిగారి మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోనేలేదు. ఆ నవ్వుతోనే అలా నిలబడిపోయారు. నాకు ఆ పట్టుచీరావిణ్ణి చంపెయ్యాలనిపించింది.

"ఆవిణ్ణేమీ అనకండి" అన్నారు బాబాయిగారు. "లోపం ఆవిడది కాదండి. నాది. పెళ్ళయిన కొత్తల్లోనే డాక్టరు చెప్పాడు, నావల్ల పిల్లలు పుట్టరని. మా అమ్మకి చెప్పడానికి భయమేసింది. అమ్మ పోయాక ఈవిడకి చెప్పడానికి సిగ్గేసింది. ఇవి వచ్చిన దగ్గర్నుంచీ వినేవాళ్ళందరికీ వీటి మీద పెట్టి చెబుతూనే ఉన్నానండి, ఒక్కళ్ళకీ అర్థం కాలేదు."

పిన్నిగారు ఆయన వైపు తిరిగారు. అరుస్తారనుకున్నాను. మెల్లగా, నిజంగా తెలీక అడిగినట్టే అడిగారు. "అయితే పట్టిసీమ కొండ నేనెందుకెక్కానండీ?"

ఏటా శివరాత్రికి ఆవిడ పట్టిసీమ వెళ్ళి, గోదాట్లో మునిగి, పడవెక్కి, తడిచీరతో ఆ వీరభద్రుడి కొండెక్కేవారట, పిల్లల కోసం. దారిలో కనబడ్డ ప్రతి ఆడదీ, 'ఏం మొక్కమ్మా? ఇంకా పుట్టలేదా? ఎన్నేళ్ళయింది?' అని అడిగేదట. ఈయన పక్కనే కొబ్బరికాయల సంచీ పట్టుకుని నడిచేవారట.

బాబాయిగారు వంగి, లాగేసిన దుప్పటి తీసి మడతపెట్టసాగారు.

సరిగ్గా అప్పుడు, "క్షమించాలండీ, రైలుగేటు పడి ఆలస్యమైంది" అంటూ కాకినాడ షాపాయన ఆటోలోంచి ఆంప్లిఫయరు దింపుకుని వచ్చాడు. అందరూ బిగుసుకుని ఉండటం చూసి, పెళ్ళిచూపుల గాంభీర్యం ఇదే కాబోలనుకున్నాడు పాపం. గబగబా వైర్లు తగిలించి, సన్నాయి క్యాసెట్టు పెట్టాడు. పెట్టెలు పలికాయి. గొణగడం కాదు, నిజంగా పలికాయి. కారెక్కబోతున్న తణుకువాళ్ళు కూడా గేటు దగ్గర ఆగిపోయారు. ఆ సన్నాయి వాయించేవాడు ఊపిరి పీల్చుకోవడం కూడా వినబడుతోంది హాల్లో.

"కుదిరిందండీ!" అని అరిచాడు షాపాయన.

బాబాయిగారు దాన్ని ఎత్తి చూడలేదు. వాసన చూడలేదు, నెత్తిన చెయ్యి వెయ్యలేదు. పిన్నిగారినే చూస్తూ నిలబడ్డారు. ఆవిడ పాట అయిపోయేదాకా విని, "ఉంచండి" అని షాపాయనతో చెప్పి, లోపలికెళ్ళి తలుపేసుకున్నారు.

తలుపు మర్నాడు తెరుచుకుంది గానీ నోరు చాలా రోజులు తెరుచుకోలేదు. నా ద్వారా మాట్లాడుకునేవారు, ఒకే హాల్లో కూర్చుని. "అన్నం పెట్టమని చెప్పమ్మా." "పెట్టానని చెప్పు." చివరికి శివరాత్రి వస్తోందనగా పిన్నిగారు తిన్నగా ఆయనతోనే అన్నారు. "ఈ ఏడు మీరెక్కండి. నేనెక్కినన్నేళ్ళూ మీరెక్కాలి. దారిలో ఎవరేం అడిగినా నిజమే చెప్పాలి."

నన్నూ తీసుకెళ్ళారు. పిన్నిగారూ నేనూ ఇసకలో తువ్వాలు పరుచుకుని జామకాయలు తింటూ కూర్చున్నాం. బాబాయిగారు తడిపంచెతో, గజగజ వణుకుతూ ఎక్కుతున్నారు. మొదటి మెట్ల దగ్గరే ఒక పల్లెటూరి ఆవిడ అడిగింది, "ఏం మొక్కండీ బాబుగారూ?"

"పిల్లల కోసమండి."

"మీ అబ్బాయిగారికాండీ?"

"కాదండి, నాకే. లోపం నాదేనండి."

ఆవిడ పక్కవాళ్ళకి చెప్పింది. వాళ్ళు ఆ పైవాళ్ళకి చెప్పారు. క్యూ అంతా వెనక్కి తిరిగి చూస్తోంది. ఒక కుర్రాడు జాలిపడి, "ముందుకెళ్ళండి తాతగారూ, మీకు తొందరెక్కువ" అని దారిచ్చాడు. ఆ మాట కింద మాదాకా వినబడింది. పిన్నిగారు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. అది వట్టి నవ్వేనని నేను ఒట్టేసి చెప్పలేను.

తర్వాత నాకు పెళ్ళయి, వేరే ఊరొచ్చేశాను. ఏటా ఆయన ఎక్కుతున్నారనీ, ఇంట్లో పెట్టెలు బాగా పలుకుతున్నాయనీ తెలుస్తూ ఉండేది. మొన్న ఆదివారం వెళ్ళి పిన్నిగారిని చూసొచ్చాను. సన్నగా అయిపోయారు. కాసేపు ఏడ్చుకున్నాం. తర్వాత ఆవిడే మొదలుపెట్టారు.

"మొన్న శివరాత్రికి కూడా ఎక్కారమ్మా. సగంలో కూలబడి నాకేసి చూశారు. 'ఇక చాల్లెండి, దిగొచ్చెయ్యండి' అందామని నోటిదాకా వచ్చింది. అనలేదు. కాసేపాగి ఆయనే లేచి, మళ్ళీ ఎక్కారు."

నేనొక తెలివితక్కువ ప్రశ్న వేశాను. "మనసులో క్షమించేశారు కదా పిన్నిగారూ?"

"లేదే" అన్నారావిడ వెంటనే. "అస్సలు పోలేదు నాకు కోపం. ఏడాదికోసారి ఆయన్ని ఆ కొండెక్కించి తీర్చుకునేదాన్ని. ఆయనేమో హాయిగా పోయారు. ఇక ఈ కోపం ఎవరిమీద చూపించనే?"